మెన్నోనైట్ ఇల్లాలి పనులన్నీ ఎవరు చేస్తారు?

వికారాబాదు దగ్గర రెండెకరాలు కొని, ఉద్యోగం మానేసి, ఇద్దరు పిల్లలతో అక్కడే స్థిరపడాలనుకుంటున్నానని మీరు రాశారు. తెల్లని టోపీ, పొడుగు గౌను వేసుకుని తోటలో పనిచేసే, మెన్నోనైట్ అనే క్రైస్తవ సంఘపు గృహిణుల వీడియోలు చూశాక ఈ ఆలోచన బలపడిందన్నారు. ఒక్క ఆడమనిషి ఏడెనిమిది మంది పిల్లలను, పాడిని, తోటను, వంటను ఎలా నెట్టుకొస్తుందో తెలిసినవారు చెప్పమని అడిగారు. నేను పాలమూరు జిల్లాలో మెన్నోనైట్ బ్రెథ్రెన్ సంఘానికి చెందిన కుటుంబంలో పుట్టాను. తరువాత నర్సుగా అమెరికా వచ్చి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్ కౌంటీలో బాలింతలను, పసిపిల్లలను ఇళ్ళకు వెళ్ళి చూసే ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళు ఉన్నాను. ఆ ఇళ్ళ వంటగదుల్లో కూర్చుని చూసినదాన్ని బట్టి మీ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు: ఒక్క ఆడమనిషి ఆ పనులన్నీ చేయదు. మిగతాదంతా ఆ మాటకు వివరణే.

ముందుగా ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. 1525 జనవరిలో జ్యూరిక్ నగరంలో, ఊహ తెలిసి తానుగా విశ్వాసాన్ని ఒప్పుకున్నవారికే బాప్తిస్మం ఇవ్వాలని నమ్మిన కొద్దిమందితో మొదలైన ఉద్యమానికి, 1536లో కతోలిక గురుత్వాన్ని వదిలి వచ్చిన మెన్నో సైమన్స్ పేరు మీద మెన్నోనైట్ అనే పేరు వచ్చింది. ప్రపంచంలోని మెన్నోనైట్లలో సగానికి మించినవారు నేడు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాలలో ఉన్నారు. మా మహబూబ్‌నగర్, గద్వాల, దేవరకొండ ప్రాంతాల మెన్నోనైట్లు చీరలే కట్టుకుంటారు, బస్సులెక్కి ఉద్యోగాలకే వెళ్తారు. మీరు ఊహించుకుంటున్న జీవితం పాత ఆచారాన్ని గట్టిగా పట్టుకున్న కొన్ని శాఖలది మాత్రమే. లాంకాస్టర్‌లో వాటిలో పెద్దది గ్రాఫ్‌డేల్ శాఖ. 1927లో కార్ల విషయమై వీవర్‌ల్యాండ్ శాఖతో భేదించి, గుర్రపు బండికే కట్టుబడినవారు వీరు. వీరి ఇళ్ళలో కరెంటు ఉంటుంది, టెలిఫోను ఉంటుంది. టీవీ, కంప్యూటరు ఉండవు. ట్రాక్టరు ఉంటుంది కాని దానికి రబ్బరు టైర్లకు బదులు ఇనుప చక్రాలుంటాయి, ఎందుకంటే రబ్బరు టైర్లుంటే ట్రాక్టరే మెల్లగా కారుగా మారిపోతుందని వారి భయం. ఇంత చెప్పాక మీకు ఒక విషయం అర్థమయ్యే ఉంటుంది. వీడియోలు తీసి పెట్టే గృహిణి ఈ శాఖ మనిషి అయ్యే అవకాశం దాదాపు లేదు. ఆమె ఇంకాస్త సడలింపు ఉన్న శాఖలోనిదై ఉంటుంది. నేను చెప్పేది ఎక్కువగా కెమెరా ముందుకు రాని ఇళ్ళ సంగతి.

కొత్త నేల మీద కాపురం పెట్టడమనే అసలు అర్థంలో చూస్తే, ఈ సంఘపు స్త్రీలకు అత్యంత కఠినమైన అనుభవం 1874 తరువాత ఎదురైంది. రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్ స్టెప్పీ మైదానాల్లో తరతరాలుగా స్థిరపడిన మెన్నోనైట్లు, సైనిక సేవ నుంచి తమకున్న మినహాయింపు పోతుందన్న భయంతో ఆ దశకంలో వేల సంఖ్యలో కాన్సాస్‌కు, కెనడాలోని మానిటోబాకు తరలిపోయారు. మానిటోబాలో ఒక్కో కుటుంబం పది డాలర్ల రుసుముతో 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఆ నేల మీద చెట్టు లేదు, ఇల్లు లేదు. మొదటి చలికాలాన్ని చాలామంది నేలను కొంత తవ్వి, పైన పచ్చికగడ్డల కప్పు వేసుకున్న గుంత ఇళ్ళలో గడిపారు. 1875లో మిడతల దండు వచ్చి పైరును తినేసింది. కట్టెలు దొరకని ఆ మైదానంలో గృహిణులు ఇటుకల పొయ్యిలో ఎండుగడ్డి చుట్టలను, పశువుల పేడను గడ్డితో కలిపి తొక్కించి, అచ్చులుగా కోసి, ఎండబెట్టిన దిమ్మెలను కాల్చేవారు. ఇది మొదటిసారి విన్నప్పుడు మా నానమ్మ గోడకు కొట్టిన పిడకలు కళ్ళ ముందు మెదిలాయి. మంచు కప్పిన మానిటోబాకూ, ఎండలు మండే పాలమూరుకూ పొయ్యి దగ్గర ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని నేను అనుకోలేదు.

ఆ కాలపు స్త్రీల గురించి మాట్లాడేవారు కష్టాన్నే చెబుతారు కాని, వారి హక్కును అంతగా ప్రస్తావించరు. రష్యా నుంచి వచ్చిన ఆ సంఘాల్లో ఆస్తి పంపకానికి ఒక స్థిరమైన ఆచారం ఉండేది. భర్త చనిపోతే సగం భార్యకు, మిగిలిన సగం కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా. అనాథల సొమ్మును, విధవల వ్యవహారాలను చూడడానికి సంఘమే ఒక కార్యాలయం నడిపేది. మైనరు ఆడపిల్ల వాటా కూడా అక్కడ ఆమె పేరున వడ్డీతో పెరిగేది. ప్రసంగ వేదిక ఎక్కే హక్కు స్త్రీకి లేదు, కాని ఆమె కాళ్ళ కింది నేలలో ఆమెకు వాటా ఉండేది. ఆమె శ్రమకు ఇంట్లో దక్కిన గౌరవానికి ఇది పునాది అని నా నమ్మకం. మీరు కొనబోయే రెండెకరాల దస్తావేజులో మీ పేరు ఉందా అన్నది, అందుకే, మొక్కలు నాటడానికి ముందే చూసుకోవలసిన విషయం.

ఇప్పుడు లాంకాస్టర్‌కు వస్తాను. ఇక్కడి వారి పూర్వులు రష్యా దారిన వచ్చినవారు కారు. స్విట్జర్లాండు, దక్షిణ జర్మనీ ప్రాంతాల నుంచి 1710 మొదలుకొని వచ్చినవారు. ఇంట్లో ఇప్పటికీ పెన్సిల్వేనియా జర్మన్ మాట్లాడతారు. ఇల్లాలి ఏడాది మార్చి నెలాఖరులో, నేల ఇంకా చల్లగా ఉండగానే, బఠానీ గింజలు విత్తడంతో మొదలవుతుంది. మే నెల మధ్యలో మంచు భయం తీరాక టమాటా, మిరప నాట్లు పడతాయి. జూన్‌లో స్ట్రాబెర్రీ, బఠానీ. జూలైలో చిక్కుళ్ళు, బీట్‌రూట్. ఆగస్టులో మొక్కజొన్న, టమాటా, పీచ్. సెప్టెంబరు, అక్టోబరులలో ఆపిల్. చలి ముదిరాక పందిని కోసి, మాంసం నిలవ చేసే పని. వీటి మధ్యలో రోజుకు రెండు పూటలా పాలు పితకాలి, సోమవారం బట్టలు ఉతకాలి. ఇంటి గోడ నుంచి ఎత్తైన స్తంభానికి కప్పీ మీద కట్టిన దండెం మీద, పెద్దవారి నల్ల ప్యాంట్ల నుంచి పసివాడి గౌను వరకు వరుసగా ఆరేసిన బట్టలు చూస్తే ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఏయే వయసువారో దారిన పోయేవారు చెప్పేయగలరు.

నేను తరచుగా వెళ్ళిన ఒక ఇంట్లో, అక్టోబరు నాటికి నేలమాళిగ అరల్లో తొమ్మిది వందల పైచిలుకు గాజు సీసాలు ఉండేవి. ఒక్కొక్కటి లీటరుకు కొద్దిగా తక్కువ పట్టే క్వార్టు సీసా. ఇది వీడియోల్లో అందంగా కనిపిస్తుంది కనుకనూ, మీరు ఇదే మొదట నేర్చుకుంటానన్నారు కనుకనూ, కొంచెం వివరంగా చెబుతాను. టమాటా, పీచ్, ఆపిల్ వంటి పులుపున్న వాటిని సీసాల్లో నింపి, మూత బిగించి, మరిగే నీళ్ళలో ముంచి ఉడికిస్తే సరిపోతుంది. టమాటాకు మాత్రం క్వార్టుకు రెండు పెద్ద చెంచాల సీసా నిమ్మరసం కలపాలి, ఎందుకంటే కొన్ని రకాలకు పులుపు చాలదు. చిక్కుళ్ళు, మొక్కజొన్న, మాంసం వంటి పులుపు లేని వాటికి మరిగే నీళ్ళు ఎన్ని గంటలు కాగినా చాలవు. గాలి చొరని సీసాలో బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును తెచ్చే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి బీజాలు నీరు మరిగే వేడికి చావవు, వాటికి 116 డిగ్రీల సెల్సియస్ కావాలి. అందుకు ప్రెషర్ క్యానర్ అనే మందపాటి పాత్రలో, పది పౌన్ల ఒత్తిడి మీద, క్వార్టు చిక్కుళ్ళకు 25 నిమిషాలు, మొక్కజొన్న గింజలకు 85 నిమిషాలు, మాంసం ముక్కలకు 90 నిమిషాలు పెట్టాలి. సముద్రమట్టానికి వెయ్యి అడుగుల లోపు ఉన్న చోట్లకు ఈ లెక్క. వికారాబాదు దాదాపు రెండు వేల అడుగుల ఎత్తున ఉంది కనుక అక్కడ ఒత్తిడి పదిహేను పౌన్లు ఉండాలి. మన వంటింటి కుక్కరును దీనికి వాడవద్దు, అది చిన్నది, వేడెక్కడం, చల్లారడం రెండూ తొందరగా జరుగుతాయి. మన అమ్మమ్మలు ఈ యంత్రం లేకుండానే ఆవకాయను ఏడాది నిలవ పెట్టారంటే, మామిడి పులుపు, ఉప్పు, ఆవపిండి, పైన తేలే నూనె కలిసి ఆ పని చేశాయి. ఆ తర్కం చిక్కుడుకాయ ఉడికించిన నీళ్ళకు వర్తించదు.

ఆ తొమ్మిది వందల సీసాలు ఎవరు నింపారో ఇప్పుడు చెప్పాలి. మొక్కజొన్న రోజున తెల్లవారుజామున తండ్రీ కొడుకులు పొలం నుంచి కండెలు బండెడు తెస్తారు. పచ్చిక మీద చెట్టు నీడన అమ్మమ్మ, ఇద్దరు పిన్నులు, పక్కింటి ఇల్లాలు, ఆమె కూతుళ్ళు కూర్చుంటారు. ఆరేళ్ళ పిల్లలు పొట్టు ఒలుస్తారు, పదేళ్ళవారు పీచు తీస్తారు, పెద్దవారు కత్తితో గింజలు కోస్తారు, ఒకరు పొయ్యి చూస్తారు. వచ్చే మంగళవారం ఇదే గుంపు పక్కింటి పచ్చిక మీద ఉంటుంది. పాలమూరు పల్లెల్లో నాట్లకూ కలుపులకూ ఒకరికొకరు బదులు వెళ్ళడం నా చిన్నతనంలో చూశాను. సరిగ్గా అదే పద్ధతి. పని బరువు తగ్గడం ఒక్కటే కాదు, ఆ గుంపులోనే కొత్త కోడలు కొలతలు నేర్చుకుంటుంది, ఎవరికి ఆరోగ్యం బాగులేదో తెలుస్తుంది, ఏ ఇంట్లో మాట పట్టింపు నడుస్తోందో కూడా తెలుస్తుంది. వీడియో చట్రంలో ఒక్క స్త్రీయే కనబడుతుంది. ఆమె చుట్టూ ఉన్న పది జతల చేతులు ఆ చట్రం బయట ఉంటాయి.

ప్రసవం విషయంలో ఈ ఏర్పాటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మన వైపు ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వెళ్తుంది. వారిలో బాలింత ఇల్లు కదలదు, సాయమే ఇంటికి వస్తుంది. పెళ్ళికాని పదిహేడు, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒకరు, మేనకోడలో, పొరుగువారి కూతురో, కొన్ని వారాల పాటు ఆ ఇంట్లో ఉండి వంట, ఉతుకు, పెద్దపిల్లల పని చూసుకుంటుంది. పెన్సిల్వేనియా జర్మన్‌లో ఆమెను మాడ్ అంటారు. ఆమెకు జీతం ఇస్తారు, అయితే పిల్లల సంపాదన ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా తల్లిదండ్రులకే చేరడం అక్కడి ఆచారం. ఒక సంసారాన్ని ఎలా నడపాలో ఆ అమ్మాయి పెళ్ళికి ముందే నాలుగైదు ఇళ్ళలో చూసి నేర్చుకుంటుంది. చాలా కాన్పులు మంత్రసానుల చేతుల మీద ఇంట్లోనో, చిన్న ప్రసూతి కేంద్రంలోనో జరుగుతాయి. చిక్కు వస్తే ఆస్పత్రికి వెళ్ళడానికి వారికి అభ్యంతరం లేదు. బీమా కంపెనీల దగ్గర బీమా తీసుకోరు. 1965 నుంచి ప్రభుత్వ సామాజిక భద్రతా పథకం నుంచి కూడా వారికి మినహాయింపు ఉంది. పెద్ద బిల్లు వస్తే సంఘం పంచుకుని కడుతుంది.

నా ఉద్యోగ జీవితంలో నన్ను అన్నిటికంటే కదిలించినది ఒక జబ్బు. దాన్ని మేపుల్ సిరప్ మూత్ర వ్యాధి అంటారు. పాలు, మాంసం, పప్పు వంటి వాటిలోని మాంసకృత్తుల్లో ఉండే మూడు అమైనో ఆమ్లాలను శరీరం అరిగించుకోలేదు. బిడ్డ పుట్టినప్పుడు నిక్షేపంగా ఉంటుంది, మూడు నాలుగు రోజులకు పాలు తాగడం మానేస్తుంది, చెవి గులిమి దగ్గర, మూత్రంలో పంచదార మాడిన వాసన వస్తుంది, ఆపైన మెదడు వాస్తుంది. సాధారణ జనాభాలో సుమారు 1,85,000 మంది పసిపిల్లల్లో ఒకరికి వచ్చే ఈ జబ్బు, పాత ఆచారపు మెన్నోనైట్లలో 380 మందిలో ఒకరికి వస్తుంది. ఇది మన మేనరికాల వంటి దగ్గరి పెళ్ళిళ్ళ వల్ల కాదు. 18వ శతాబ్దంలో వచ్చిన కొద్ది కుటుంబాల సంతతే వేల మందిగా పెరగడం వల్ల ఒకే లోపం అందరిలో పంచుకుపోయింది. 1989లో డాక్టర్ హోమ్స్ మార్టన్, ఆయన భార్య కారొలిన్ ఈ కౌంటీలోని స్ట్రాస్‌బర్గ్‌లో ప్రత్యేక బాలల క్లినిక్ ప్రారంభించే వరకు ఈ ఇళ్ళలో ఎందరో పసివాళ్ళు పోయారు. ఆ క్లినిక్ కట్టడాన్ని మెన్నోనైట్ రైతులూ, అదే ఉద్యమం నుంచి పుట్టిన ఆమిష్ అనే మరో సంఘపు రైతులూ, పశువుల కొట్టాన్ని అందరూ కలిసి లేపినట్టు తమ చేతులతో లేపారు.

ఈ జబ్బున్న బిడ్డ తల్లి పనిని ఊహించండి. కొట్టంలో నలభై ఆవులున్నాయి, ఆమె బిడ్డ మాత్రం గ్లాసెడు పాలు తాగకూడదు. త్రాసు మీద గ్రాముల లెక్కన బంగాళాదుంప తూచి పెడుతుంది, ప్రత్యేకమైన పొడిని నీళ్ళలో కలిపి మూడు పూటలా తాగిస్తుంది. జ్వరమో వాంతో వస్తే ఒంటిలోని కండరమే కరిగి విషమవుతుంది కనుక, తెల్లవారేదాకా ఆగే వీలు లేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆపిన ఆ తల్లులు, ఆ మూడు ఆమ్లాల్లో ఒకటైన ల్యూసిన్ స్థాయిల గురించి యువ వైద్యులకు సందేహం తీర్చడం నేను స్వయంగా విన్నాను. 2004 నుంచి పిట్స్‌బర్గ్‌లో కాలేయ మార్పిడి చేయించుకున్న పిల్లలు మామూలు భోజనం తింటున్నారు. ఒక పదకొండేళ్ళ పాప మొదటిసారి జున్ను ముక్క తిన్న రోజున నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను. తల్లి ఏమీ మాట్లాడకుండా తెల్లటోపీ తాడు సరిచేసుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

ఎనిమిదో తరగతి సంగతి వచ్చింది కనుక, నాకు బాధ కలిగించే విషయాన్ని కూడా దాచకుండా చెబుతాను. 1972లో ఆమిష్ కుటుంబాల తరఫున అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, ఈ సంఘాల పిల్లలు ఎనిమిదో తరగతితో బడి మానవచ్చునన్నది స్థిరపడింది. ఊరి ఒంటి గది బడిలో చదువు చక్కగానే చెబుతారు, చెప్పే పంతులమ్మ కూడా సాధారణంగా పెళ్ళికాని ఆ సంఘపు అమ్మాయే. అయినా, నా రక్తపోటు పరికరాన్ని అడిగి తీసుకుని, పది నిమిషాల్లో నేర్చుకుని, ఇంట్లో అందరిదీ కొలిచి పట్టిక రాసిన పదమూడేళ్ళ పిల్లను చూసినప్పుడు నాకు షంషాబాదు గుర్తుకు వచ్చింది. రష్యాలో పుట్టి అమెరికాలో చదివిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే మెన్నోనైట్ స్త్రీ 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చి, 1945లో షంషాబాదులో కన్నుమూసేదాకా మన తెలుగు తల్లులకు వైద్యం చేశారు. మా నానమ్మ ఆమె పేరు చెప్పి చేతులు జోడించేది. ఒకే విశ్వాసం ఒక స్త్రీని సముద్రం దాటించి డాక్టరును చేసింది, మరొక శాఖలో ఆ పదమూడేళ్ళ పిల్లకు ఆ దారి లేదు. ఆమె సుఖంగా ఉండదని నేను అనను. ఆమెకు ఎంచుకునే అవకాశం లేకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది. అలాగే, బాలింతల దిగులు ఆ ఇళ్ళలో కూడా ఉంది. అందరూ చూస్తుండగా అలసిపోయానని చెప్పుకోవడం అక్కడ తేలిక కాదు. వెన్ను నొప్పి అని పిలిపించి, తలుపు వేశాక ఏడ్చినవారు ఉన్నారు.

డబ్బు గురించి మీరు అడగలేదు, కాని అడగవలసినది. ఆ కుటుంబాలు స్వయంసమృద్ధం కావు, కావాలని ప్రయత్నించవు కూడా. పాలు అమ్ముతారు, 1985లో మొదలైన లియోలా కూరగాయల వేలంలో పంట అమ్ముతారు. రోడ్డు పక్కన చిన్న బల్ల పెట్టి గుడ్లు, మొక్కజొన్న, పూలు అమ్మేది చాలాసార్లు ఇల్లాలూ పిల్లలే. ఆదివారం మాత్రం అమ్మరు. ఆ రోజు ఆరాధన అయ్యాక, ముందుగా చెప్పకుండానే రెండు మూడు బండ్ల అతిథులు భోజనానికి రావడం ఆనవాయితీ కనుక, ఆ సీసాల్లో కొన్ని ఆ మధ్యాహ్నమే ఖాళీ అవుతాయి. లాంకాస్టర్‌లో భూమి ధర అందక, 1974 నుంచి గ్రాఫ్‌డేల్ శాఖవారు న్యూయార్క్ రాష్ట్రంలోని యేట్స్ కౌంటీకి వలస వెళ్ళారు. వెళ్ళినది ఒంటరి కుటుంబాలు కావు, బడీ ప్రార్థన మందిరం నడుపుకోగలిగినంత మంది కలిసి వెళ్ళారు.

కనుక మీ రెండెకరాల విషయంలో నా సలహా ఇది. ఏ మొక్కలు, ఏ ఆవులు అన్న జాబితాకు ముందు, మీకు జ్వరం వచ్చిన వారంలో ఆవు పాలు ఎవరు పితుకుతారో, మామిడికాయ కోసిన రోజున ముక్కలు కొట్టడానికి ఎవరు వస్తారో, వారి ఇంటికి మీరు ఏ రోజున వెళ్తారో రాసుకోండి. ఆ ఊళ్ళో ఇప్పటికే వ్యవసాయం చేస్తున్న స్త్రీలతో ఒక ఏడాది పరిచయం చేసుకున్నాక నేల కొనండి. ఉద్యోగం మీరిద్దరూ ఒకేసారి మానవద్దు.

చివరగా, అమెరికా వచ్చినప్పుడు ఆ ఇళ్ళను చూడవచ్చునా అని అడిగారు. చూడవచ్చు. జూలై, ఆగస్టు నెలల్లో మార్టిన్‌డేల్, హింకిల్‌టౌన్ వైపు రోడ్ల మీద కూరగాయల బల్లలు కనిపిస్తాయి. మనుషులను ఫొటో తీయకండి. కొనవలసినవి కొని, తోట గురించి అడగండి, తోట గురించి అడిగితే ఎవరైనా ఆగి మాట్లాడతారు. మీరు కాస్త తీరికగా నిలబడితే పుదీనా టీ ఇస్తారు, ఇంకా నిలబడితే ఒక గిన్నె చిక్కుళ్ళు చేతికిచ్చి, బెంచీ మీద జరిగి చోటు చూపిస్తారు. కూర్చుని తుంచండి.